గంగడోలు ఆలస్యంగా ఊగుతుంది

గత వారం మా విభాగం నోటీసు బోర్డులో ఒక కాగితం అంటించారు. యానిమేషన్ కోర్సు మొదటి ఏడాదిలో ఇప్పటివరకు ఉన్న పది చిన్న అభ్యాసాలను వచ్చే ఏడాది నుంచి తీసివేసి, వాటికి బదులు సెమిస్టరుకు ఒకటి చొప్పున రెండు నిమిషాల లఘుచిత్రాన్ని అయిదుగురేసి విద్యార్థుల చేత చేయిస్తారట. ఉద్యోగాలకు వెళ్లే పిల్లల చేతిలో చూపించుకోవడానికి పూర్తయిన పని ఒకటి ఉండాలన్నది అందులో రాసిన కారణం. మూడో ఏడాది ముగించి వెళ్లిపోతున్న నాకు ఈ మార్పుతో లాభమూ లేదు, నష్టమూ లేదు. అయినా ఆ కాగితం చదివినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. ఈ మూడేళ్లలో నాకు అబ్బిన విద్య అంటూ కొంత ఉంటే అది ఆ పది అభ్యాసాల దగ్గర అబ్బిందే కానీ, చప్పట్లు పడిన లఘుచిత్రం దగ్గర అబ్బింది కాదు. ఈ మాట అంటే, వెళ్లిపోయేవారికి ఎప్పుడూ పాత పద్ధతే బాగుంటుందని మా అధ్యాపకుల్లో ఒకరు నవ్వారు. నవ్వి వదిలేసే విషయం కాదని నా నమ్మకం కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

నిమ్మకాయ దొర్లిన తీరు

యానిమేషన్ పాఠం ఎక్కడైనా బంతి ఎగరడంతోనే మొదలవుతుంది. మాకు పాఠం చెప్పిన మాస్టారు రబ్బరు బంతితో పాటు పొదలకూరు నిమ్మకాయ ఒకటి తెచ్చి, రెండింటినీ బల్ల ఎత్తు నుంచి వదిలారు. బంతి ఆరేడుసార్లు లేచి పడింది. నిమ్మకాయ బెత్తెడు కూడా లేవలేదు. పడినచోటనే ఒకసారి అదిరి, కొస ఉన్న వైపుకు ఒరిగి, వంకరగా దొర్లుకుంటూ బీరువా కిందికి పోయింది. ఈ రెండింటినీ మూడేసి సెకన్లలో, అంటే సెకనుకు 24 ఫ్రేముల (విడి బొమ్మల) లెక్కన 72 ఫ్రేముల్లో చూపించాలి. రంగు వేయకూడదు, వెలుగునీడలు పెట్టకూడదు. బూడిదరంగు వస్తువు కదిలే తీరును మాత్రమే చూసి, అది నిమ్మకాయ అని పక్క బెంచీవారు చెప్పగలగాలి. పసుపు రంగు వేసినవారికి మార్కులు తగ్గిస్తానని ఆయన ముందే చెప్పారు.

బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో బంతిని పైన ఒకచోట, నేల మీద ఒకచోట ఉంచి రెండు కీఫ్రేములు, అంటే ఏ క్షణాన వస్తువు ఎక్కడ ఉండాలో చెప్పే గుర్తులు, పెడితే చాలు, మధ్యలో ఉండవలసిన స్థానాలన్నీ అదే నింపుకుంటుంది. అయితే దానంతట అది నింపే పద్ధతిలో ప్రతి కదలికా మెల్లగా మొదలై మెల్లగా ఆగుతుంది కాబట్టి, బంతి నేలకు దగ్గరయ్యేకొద్దీ నెమ్మదించి గాలిబుడగలాగా ఆనుతుంది. పడే వస్తువుకు వేగం పెరుగుతుందనీ, పైకి లేచిన వస్తువు కొసలో ఒక్క క్షణం నిలుస్తుందనీ హైస్కూల్లో చదివి పరీక్షల్లో రాసినదాన్నే. కానీ కదలికను గీతగా చూపే గ్రాఫ్ ఎడిటర్ తెరిచి, ఆ గీత పైకొసలో గుండ్రంగా వంగేటట్టు, నేల తాకేచోట మొనదేలేటట్టు చేత్తో సరిదిద్దిన రోజున గాని ఆ పాఠం నాకు ఒంటబట్టలేదు.

నిమ్మకాయకు నాలుగుసార్లు తిరిగి చేయాల్సి వచ్చింది. మొదటిదాన్ని చూసి మాస్టారు, ఇది గోలీ అన్నారు. రెండోదాన్ని కోడిగుడ్డు అన్నారు. హాస్టల్ వంటగదిలో అడిగి రెండు కాయలు తెచ్చుకొని, గచ్చు మీద వదులుతూ, దొర్లిస్తూ ఒక సాయంత్రమంతా గడిపాను. నిమ్మకాయ ఒకే వేగంతో దొర్లదని అప్పుడు తెలిసింది. పక్కకు ఒరిగి కొస నేలకు తగిలినప్పుడల్లా ఒక్క క్షణం తటపటాయించి, దాన్ని దాటగానే జర్రున జారి, మళ్లీ ఆగినట్టయి, చివరికి తాను బయలుదేరిన దిక్కుకు అడ్డంగా తిరిగి నిలుస్తుంది. పుట్టినప్పటి నుంచి మా ఇంట్లో నిమ్మకాయలు చూస్తున్నాను. ఈ సంగతి మాత్రం ఆ సాయంత్రం దాకా నా కంట పడలేదు.

నా వాదనంతా ఇక్కడే ఉంది. చేత్తో బొమ్మలు గీసే కాలంలో సెకను కదలికకు 24 బొమ్మలో, కనీసం 12 బొమ్మలో గీయక తప్పేది కాదు. ఆ గీయడమే చూడటాన్ని నేర్పేది. కంప్యూటరు వచ్చాక రెండు కీఫ్రేముల నడుమ ఖాళీని యంత్రం నింపుతోంది కాబట్టి, ఏమీ చూడకుండానే ఒక సినిమా పూర్తి చేయడానికి వీలవుతోంది. తెర మీద వస్తువు కదిలింది, ఫైలు తయారయింది, మార్కులు వచ్చాయి. అది ఎలా కదలాలో తెలుసుకోవలసిన అవసరం చేసినవారికి ఎన్నడూ పడలేదు. పూర్తి చేయడానికే మార్కులు ఇచ్చే పద్ధతి పెడితే, మొదటి ఏడాది పిల్లలు ఆ ఖాళీని యంత్రానికే వదిలేస్తారు. వారి తప్పేమీ కాదు, నేనైనా అదే చేస్తాను. లఘుచిత్రం విషయంలో అదే చేశాను కూడా.

తల మీద తట్ట

ఆరో అభ్యాసం నడక. అడుగు ఆనడం, బరువు దిగడం, రెండో కాలు దాటడం, దేహం పైకి లేవడం అనే నాలుగు భంగిమలు, అడుగుకు 12 ఫ్రేములు, రెండడుగులకు 24. ఇది ఏ వీడియో పాఠంలోనైనా దొరుకుతుంది, ఒక మధ్యాహ్నంలో వచ్చేస్తుంది. మాకు ఇచ్చిన పనిలో ఉన్న మెలిక ఏమిటంటే, ఎవరో ఒక నిజమైన మనిషి నడకను, వారి అనుమతితో వీడియో తీసి, దాన్నే బొమ్మలోకి తేవాలి.

నెల్లూరులో మైపాడు గేటు దగ్గర తల మీద చేపల తట్టతో వస్తున్న ఒకావిడను అడిగాను. "నా నడకలో ఏముంది పాపా, చేపలు కావాలంటే తీసుకో" అంది. విషయం చెప్పాక ఒప్పుకొని, వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి రెండుసార్లు నడిచింది. గదికి వచ్చి ఆ వీడియోను ఫ్రేము ఫ్రేముకూ ఆపి, ప్రతి ఫ్రేములోనూ తల ఉన్నచోట ఒక చుక్క పెట్టుకుంటూ పోయాను. మామూలు నడకలో ఆ చుక్కలు అలలాగా లేచి పడతాయి. ఈవిడ చుక్కలు దాదాపు తీగ కట్టినట్టు సమంగా వచ్చాయి. పైన తట్ట కదలకుండా ఉండటానికి కింద మోకాలు ఎప్పుడూ పూర్తిగా చాచుకోవడం లేదు, అడుగు కురచగా పడుతోంది, ఎగుడుదిగుడంతా నడుమే మింగేస్తోంది. తట్ట పట్టుకోని రెండో చెయ్యి మాత్రం ఎవరి చెయ్యయినా ఊగినంత హాయిగా ఊగుతోంది. నా మొదటి ప్రయత్నంలో నేను పాఠంలో నేర్చుకున్న నడకకు ఒక తట్ట తగిలించాను. అది నెత్తిన ఖాళీ అట్టపెట్టె పెట్టుకున్న అమ్మాయిలాగా ఉంది.

అయిదు రోజుల పని అది, రెండు సెకన్ల బొమ్మ. మా అమ్మకు ఫోనులో పంపితే, ఇంత ఫీజు కట్టి ఏడాదంతా చదివింది ఇదేనా అని అడిగింది. ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. నాన్న ఆ ఫీజుకు ఎంత కష్టపడ్డారో నాకు తెలుసు. చూపించుకోవడానికి ఏదో ఉండాలని నోటీసులో రాసినవారు కూడా ఇలాంటి అమ్మానాన్నల ముఖాలే చూసి రాసి ఉంటారు.

చప్పట్లు పడిన సినిమా

రెండో ఏడాదిలో అయిదుగురం కలిసి రొట్టెల పండుగ మీద రెండు నిమిషాల లఘుచిత్రం చేశాం. చదువు రొట్టె కోసం స్వర్ణాల చెరువు దగ్గరికి వచ్చిన పిల్లవాడి కథ. విభాగంలో దానికే మొదటి బహుమతి వచ్చింది, ఇంటిల్లిపాదీ చూసి సంతోషించారు. ఇప్పుడు తిరిగి చూస్తే నాకు కనిపించేది ఒకటే. ఆ పిల్లవాడు నడవాల్సిన ప్రతిచోటా కెమెరా నడిచింది. జనం గుంపును వెనక నుంచి కదలకుండా నిలబెట్టి, పిల్లవాడిని నడుము పైభాగం వరకే చూపించి, నీళ్ల మీద ఎండ మెరుపు వేసి, సంగీతం పెట్టి నడిపించాం. పాదాలు ఒక్క దృశ్యంలోనూ లేవు. అప్పటికి నాకు నడక వచ్చు. అయినా గడువులోగా పూర్తి చేయాలన్న తొందరలో, రాని పనిని ఎలా దాచాలో అందరం కలిసి వెతికాం, దొరికింది.

పని పంచుకున్న తీరు ఇంకా బాధపెడుతుంది. ఎవరికి ఏది వస్తుందో వారికి అదే ఇచ్చుకున్నాం. రంగులూ, వస్తువుల పైతలపు అల్లికలూ బాగా చేసే మిత్రుడు ఆ చిత్రంలోనూ, ఆ తరువాతి చిత్రంలోనూ అవే చేశాడు. చదువు ముగిసే ఈ రోజుకి అతడికి ఒక బొమ్మను లేపి నిలబెట్టడం రాదు. నేర్చుకోలేక కాదు, అతడితో ఆ పని పడలేదు. బృందం గెలవాలంటే ఎవరికి రాని పని వారికి ఇవ్వకూడదు. చదువు రావాలంటే ఎవరికి రాని పని వారికే ఇవ్వాలి. ఈ రెండూ ఒకే ప్రాజెక్టులో ఎలా కుదురుతాయో నాకు అర్థం కావడం లేదు.

అలాగని లఘుచిత్రం ఏమీ నేర్పలేదంటే అబద్ధమవుతుంది. రెండు నిమిషాలంటే 2,880 ఫ్రేములు. మా కంప్యూటరులో ఫ్రేముకు మూడు నిమిషాలు పట్టింది కాబట్టి రెండరు, అంటే కంప్యూటరు ఆ ఫ్రేములన్నింటినీ తుది బొమ్మలుగా తయారుచేయడం, పూర్తి కావడానికి 144 గంటలు, అంటే ఆరు రోజులు కావాలి. మేము తెలియక నేరుగా ఒకే వీడియో ఫైలుగా రెండరు పెట్టాం. నాలుగో రోజు రాత్రి కరెంటు పోయింది, బ్యాటరీ కాసేపటికి చేతులెత్తేసింది, తెల్లవారి చూస్తే ఆ సగం ఫైలు తెరుచుకోలేదు. ఫ్రేముకొక బొమ్మ చొప్పున విడివిడిగా దాచుకుంటే, ఆగినచోటి నుంచి మళ్లీ మొదలుపెట్టుకోవచ్చన్న సంగతి అలా తెలిసింది. ఫైళ్లకు పేర్లు పెట్టే క్రమం, ఒకరి పనిని చెడగొట్టకుండా దాని మీద పనిచేయడం, మాట పట్టింపులు వచ్చినా తెల్లారి కలిసి కూర్చోవడం, ఇవన్నీ అక్కడివే. అవి బంతీ నిమ్మకాయా నేర్పలేవు.

మరో అభ్యంతరం నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది. మన దేశంలో మొదటి తరం యానిమేటర్లు సినిమాలు తీస్తూనే నేర్చుకున్నారు కదా అని మాస్టారే అడిగారు. 1956లో బొంబాయిలోని ఫిల్మ్స్ డివిజన్ కార్టూన్ విభాగంలో, డిస్నీలో పనిచేసి వచ్చిన క్లెయిర్ వీక్స్ దగ్గర రామ్‌మోహన్ వంటివారు శిక్షణ పొందింది నిజమే, ఆ శిక్షణ సినిమా పనితో కలిసి సాగిందీ నిజమే. రెండు రోజులు దీనికి నా దగ్గర జవాబు లేదు. తరువాత తోచింది ఏమిటంటే, వారికి సినిమాకూ అభ్యాసానికీ తేడా లేదు. కాగితం మీద ప్రతి బొమ్మా గీయాలి. పిల్లవాడి పాదాలు దాచినా మిగిలిన దేహాన్ని గీయాలి. పైగా పక్కన కూర్చొని దిద్దడానికి అనుభవం పండిన మనిషి ఉన్నాడు. మాకు పక్కన ఉన్నది, ఖాళీలు అడగకుండానే నింపిపెట్టే యంత్రం. కాబట్టి వారి దారిని మేము పట్టాలంటే, ముందు ఆ యంత్రం నింపినదాన్ని నమ్మకుండా ఉండటం అలవాటు కావాలి.

తాత చూసిన అయిదు సెకన్లు

మూడో ఏడాదిలో ఎవరికి వారు ఎంచుకున్న చిన్న అభ్యాసం ఒకటి ఉండింది. మా ఊరు సంతనూతలపాడు దగ్గర. బండలాగుడు పోటీల్లో ఒంగోలు ఎడ్ల జత బండను కదిలించే మొదటి అయిదు సెకన్లు, అంటే 120 ఫ్రేములు చేస్తానని రాసిచ్చాను.

ముందు మామూలు నడకతో మొదలుపెట్టాను. ఆ వారాంతం ఊరికి వెళ్లినప్పుడు మా తాతకు ల్యాప్‌టాప్‌లో చూపించాను. ఆయన కాలంలో మా ఇంట ఎడ్లు ఉండేవి. "ఏందమ్మాయ్, ఇది నడవడంలా, దౌడు తీస్తుండాది" అన్నాడు. అర్థం కాలేదు. కాళ్లు చూడమన్నాడు. నేను ఎడమ ముందుకాలితో పాటు కుడి వెనకకాలిని ఎత్తాను. ఎద్దు నడిచేటప్పుడు ఒక పక్క వెనకకాలు పడి, ఆ వెంటనే అదే పక్క ముందుకాలు పడుతుంది. తరువాత రెండో పక్క. వెనకకాలి గిట్ట ఇంచుమించు ముందుకాలి గుర్తులోనే పడుతుంది. మూలగా ఉన్న కాళ్లు జతగా లేస్తే అది పరుగు. ఇరవై ఏళ్లుగా ఎడ్లను చూస్తున్న నా కన్ను నాకు ఇది చెప్పలేదు. గుర్రం పరుగులో నాలుగు కాళ్లూ ఒకేసారి నేలను వదులుతాయా లేదా అన్నది తేల్చడానికి 1878లో మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్ 12 కెమెరాలు వరసగా పెట్టి ఫోటోలు తీయాల్సి వచ్చిందని చదివినప్పుడు, అంతకు ముందు చిత్రకారులు గుర్రాన్ని తప్పుగా గీశారంటే వింతగా అనిపించింది. ఇప్పుడు వింతగా లేదు.

నమూనా కోసం ఇంటర్నెట్టులో వెతికితే మన నెల్లూరు పేరుతోనే కుప్పలుగా వీడియోలు వచ్చాయి. నెల్లూరు పేరు మీద నెలోరె అని పిలిచే ఆ పశువులు, ఒకప్పుడు ఇక్కడి నుంచి బ్రెజిల్ వెళ్లిన ఒంగోలు జాతి సంతతే. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది, 1904లో గుంటూరు జిల్లాలోకి వెళ్లి, 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలోకి వచ్చింది. రూపం అదే, మూపురం అదే. కానీ వాటిని అక్కడ మాంసం కోసం పెంచుతారు. మెడ మీద కాడి ఎరగని నడక వాటిది. చూడగా చూడగా అందులో నాకు కావలసిన బరువు లేదనిపించి పక్కన పెట్టేశాను.

శివరాత్రికి పక్క ఊరిలో పోటీలు పెట్టారు. ఆరు పళ్ల విభాగంలో (ఎడ్ల వయసును పళ్లతో లెక్కిస్తారు) ఒక జతను ఫోనులో సెకనుకు 240 ఫ్రేముల వేగంతో తీశాను. మామూలుగా చూస్తే అరుపు, దుమ్ము, బండ కదలడం అంతా ఒకేసారి జరిగిపోతుంది. నిదానం చేసి చూస్తే వరస కనిపించింది. ముందు తలలు వంగాయి. కాడి వెనక్కి జరిగి మూపురాలకు ఆనుకుంది. వెనకకాళ్లు వంగి, గిట్టలు నేలలోకి దిగాయి. గొలుసు బిగిసి నేల నుంచి లేచింది. అప్పటికీ బండ కదలలేదు. ఎడ్లు తోపుకు దిగినప్పటి నుంచి బండ జరిగేదాకా ముప్పావు సెకను పట్టింది, మన లెక్కలో 18 ఫ్రేములు. నేను చేసిన బొమ్మలో అక్కడ మూడు ఫ్రేములు ఉన్నాయి. దాన్నే చూసి అంతకు ముందు వారం తాత, "ఆ బండలో బరువు లేదమ్మాయ్, దూదిమూటను లాగినట్టుండాది" అని ఉన్నాడు.

ఆ పదిహేను ఫ్రేములు చేర్చాను. ఆ పదిహేను ఫ్రేముల్లో దాదాపు ఏమీ జరగదు. మెడ నరం బిగుస్తుంది, తోక పక్కకు తిరుగుతుంది, అంతే. వాటిని చేర్చగానే బండ బండయింది. బండ నునుపును, దాని మీది నల్లటి చీమకుర్తి గ్రానైటు మెరుపును తీర్చిదిద్దడానికి నేను అంతకుముందు రెండు వారాలు పెట్టాను. ఆ రెండు వారాలూ దానికి బరువు తేలేదు.

తొమ్మిదో కూర్పు చూపించినప్పుడు తాత చాలాసేపు మాట్లాడలేదు. మళ్లీ పెట్టమన్నాడు. మూడోసారి, "ఎద్దు నిలబడితే గంగడోలు కూడా నిలబడిపోయిందే, అదేమన్నా అట్టముక్కా?" అన్నాడు. ఎద్దు ఆగాక, మెడ కింద వేలాడే ఆ గంగడోలు ముందుకు ఊగి, వెనక్కి వచ్చి, ఇంకోసారి కొద్దిగా ఊగి అప్పుడు నిలుస్తుంది. మా పాఠంలో దీనికి పేరుంది, నిర్వచనం ఉంది, పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్నగా రాశాను కూడా. గంగడోలులో దాన్ని చూసింది తాత.

ఈ మధ్య ఒక మిత్రురాలు నాలుగు మాటలు టైపు చేసి కృత్రిమ మేధ చేత ఇదే దృశ్యాన్ని నిమిషంలో తెప్పించింది. ఎడ్ల చర్మం, దుమ్ము, ఎండ నా బొమ్మ కంటే ఎంతో అందంగా వచ్చాయి. తరగతిలో చూసిన చాలామంది ఇక ఈ చదువెందుకని బెంగపడ్డారు. దాన్నీ తాతకు చూపించాను. గొలుసు వదులుగా వేలాడుతుంటే బండ ఎట్లా కదిలిందని వెంటనే అడిగాడు. తరగతిలో ఆ ప్రశ్న ఎవరమూ అడగలేదు, నేను కూడా. ఆ యంత్రంతో పనిచేయించుకునే రోజులే ముందున్నా సరే, గొలుసును చూసే కన్ను ఉన్నవారే దాని చేత మళ్లీ చేయించగలరు. ఆ కన్ను మొదటి ఏడాదిలో పెట్టకపోతే ఎప్పుడు పెడతారు?

పది అభ్యాసాలూ గొప్పవని నేను అనడం లేదు. పేరులోని అక్షరాలను గిరగిరా తిప్పడం, గ్రహాలను సూర్యుడి చుట్టూ తిప్పడం, జెండా ఎగరేయడం అనే మూడింటినీ తీసేసినా ఎవరికీ ఏమీ పోదు. వాటిలో యంత్రం నింపినదే సరిపోతుంది, చూడవలసింది ఏదీ లేదు. మిగిలిన ఏడింటిలోనూ లోపం ఉంది. ఒక్కసారి ఇచ్చి మార్కులు వేయించుకుంటే పని అయిపోయినట్టే లెక్క. నిమ్మకాయను నాలుగుసార్లు చేయించింది మాస్టారి పట్టుదలే కానీ సిలబస్ కాదు. ఆయన లేని సెక్షన్‌లో అందరూ ఒక్కసారే చేశారు. మార్కులు మొదటి కూర్పుకు కాక, మొదటిదానికీ చివరిదానికీ మధ్య ఏం మారిందో దానికి వేయాలి. చూసి చెప్పడానికి విభాగం బయటి మనిషి ఒకరుండాలి. నడకకు బరువు మోసే మనిషి, ఎద్దుకు రైతు, పడవకు కొత్తపట్నం జాలరి. అలాంటివారు మన రెండు జిల్లాల్లో ఏ ఊరికి వెళ్లినా ఉన్నారు. లఘుచిత్రాన్ని మూడో ఏడాదికి ఉంచితే, అప్పటికి దాచుకోవలసినవి తక్కువ ఉంటాయి. స్టూడియోలకు చూపించడానికి అది ఒకటి చాలు. హైదరాబాదులో పనిచేస్తున్న మా సీనియరు చెప్పిన ప్రకారం, వారు ముందుగా చూసేది పాదాలు నేల మీద జారుతున్నాయా లేదా అనే.

ఇదంతా ఒక వినతిపత్రంగా రాసి సోమవారం విభాగాధిపతి గారికి ఇస్తున్నాను. సంతకం చేయడానికి ఇప్పటికి తొమ్మిది మంది ఒప్పుకున్నారు, రంగులు వేసే మిత్రుడు అందరికంటే ముందు చేశాడు. దానితో పాటు ఒక పెన్‌డ్రైవ్‌లో ఎడ్ల బొమ్మ కూర్పులు పదకొండూ వేశాను, దౌడు తీసే మొదటిది కూడా తీసేయకుండా. చూసేటప్పుడు శబ్దం ఆపి, వరసగా చూడమని పైన చీటీ అంటించాను. పదకొండోదాంట్లో కుడి ఎద్దు తోక ఇంకా సరిగా రాలేదు. ఈ ఆదివారం పినాకిని రైల్లో ఊరికి వెళ్తున్నాను, తాతకు చూపించి పన్నెండోది మొదలుపెట్టాలి.